శోణపురిలో వెలిగే పలకలు

పడమటి కొండల వెనక్కి పొద్దు జారుతుండగా ఎర్రమల్లు, భద్రప్ప శోణపురి కోటగుమ్మం ముందుకు చేరుకున్నారు. నెత్తిన తోలుబొమ్మల పెట్టెలు, భుజాన మద్దెల, ఒంటి మీద మాసిన అంగీలు. ఎవరు చూసినా పొట్ట చేత పట్టుకుని ఊరూరా తిరిగే బొమ్మలాటగాళ్లనే అనుకోవాలి. అంగీల కింద బాకులున్న సంగతి, తాము వనస్థలి రాజ్యపు వేగులవాళ్లమన్న సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

శోణపురి శోభ అంతా ఇంతా కాదు. ఎర్రరాతి ప్రాకారాలు చివరి ఎండలో కుంకుమ అలదుకున్నట్టు మెరుస్తున్నాయి. బురుజుల మీద పసిడి పూత పూసిన మకరాలు, వాటి నోళ్ల నుంచి జాలువారే నీటిధారలు, ఆ ధారల కింద రేకులు విప్పిన కలువలు, కందకంలో బారులు తీరిన హంసలు, గుమ్మానికి రెండు పక్కలా ఏనుగంత ఎత్తున స్ఫటికపు సింహాలు. నగరానికి ఉత్తరాన, లోయకు అవతల ఉన్న నల్లగుట్ట మీద, వీటన్నిటినీ పొట్టివి చేస్తూ నింగిస్తంభం నిలబడి ఉంది. నిలువెల్లా రాగిరేకు తొడిగిన ఆ స్తంభం కొస మబ్బుల్లో ఎక్కడో కలిసిపోయింది.

ఇంత శోభ ఉన్న నగరంలో ఒక్క మనిషి గొంతు కూడా వినబడటం లేదు.

కోటగుమ్మం బార్లా తెరిచి ఉంది. కావలివాళ్లు ఈటెలు గోడకు ఆనించి, దారికి వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ల ఎదుట మనిషి ఎత్తున్న నల్లరాతి పలక ఒకటి నీలికాంతితో వెలుగుతోంది. ఆ పలక లోపల పగడాల మేడలో ఎవరో నాట్యకత్తె గిరగిరా తిరుగుతోంది. భద్రప్ప కావాలని గట్టిగా దగ్గాడు. ఒక్కడూ తల తిప్పలేదు.

"శత్రువు సైన్యంతో వచ్చినా వీళ్లు ఇలాగే కూర్చుంటారు మల్లూ," అన్నాడు భద్రప్ప. "మా గౌరమ్మ ఉంటే ఈపాటికి చీపురు తీసేది."

భద్రప్ప ఇద్దరు రాజుల కొలువు చూసిన ముసలి వేగు. భార్య గౌరమ్మ విషజ్వరంతో పోయి చాలా కాలమైనా, ప్రతి మాటకూ ఆమెను పిలుచుకోవడం అతనికి అలవాటు. ఎర్రమల్లు కమ్మరి ఇంట పుట్టి, కత్తిసాములో పేరు తెచ్చుకుని కొలువులో చేరినవాడు. కొంతకాలంగా వనస్థలి సరిహద్దు పల్లెల నుంచి శోణపురికి కూలికి పోయిన మగవాళ్లు మాయమైపోతున్నారు. వాళ్లను వెతకడానికి వెళ్లిన వేగులు నవ్వు మొహాలతో తిరిగొచ్చారు. ఏం చూశారని అడిగితే వాళ్లకు గుర్తు లేదు. చివరికి వనస్థలి రాజు విజయధ్వజుడు ఎర్రమల్లును పిలిపించి, భుజం మీద చెయ్యి వేసి, "అక్కడ ఏం జరుగుతోందో, ఎలా జరుగుతోందో పూసగుచ్చినట్టు తెలుసుకుని రా. నీకంటే నమ్మకమైనవాడు నాకు లేడు," అన్నాడు. ఆ చేతి వెచ్చదనం ఎర్రమల్లుకు దారి పొడవునా గుర్తుంటూ వచ్చింది.

వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంటి తలుపూ తెరిచే ఉంది. ప్రతి నడవలో ఒక పలక, పలక ముందు ఇంటిల్లిపాది. ఉత్తరదేశం నుంచి వచ్చిన కరాళకేతుడనే మాంత్రికుడు కొన్నేళ్ల కిందట ఇక్కడి రాజు పుట్టినరోజు కానుకగా ఇంటింటికీ వీటిని పంచిపెట్టాడని వాళ్లు దారిలోనే విన్నారు. పొద్దు వాలగానే పలకలు వెలుగుతాయి. దేవతల పెళ్లిళ్లు, రాకుమారుల సాహసాలు, విదూషకుల వేళాకోళాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. వీధంతా ఒక్కసారిగా నవ్వింది. ఒక్కసారిగా ఆగింది.

అతని అక్క నీలాంబను ఈ ఊరి నేతగాడు చెన్నప్పకు ఇచ్చారు. నేతవీధి చివరి ఇల్లు. ఎర్రమల్లు గడపలో నిలబడి పిలిస్తే నీలాంబ ఓరగా చూసి నవ్వింది.

"వచ్చావా తమ్ముడూ," అంది, నిన్న వెళ్లి ఇవాళ వచ్చినవాణ్ణి పలకరించినట్టు. "కూర్చో. ఇప్పుడే మొదలైంది. కాసేపట్లో స్వయంవరం వస్తుంది."

అక్కను చూసి ఏళ్లయింది. ఆమె లేచి రాలేదు. అమ్మ ఎలా ఉందని అడగలేదు. ఎర్రమల్లు పలకకు వీపు చేసి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"బావ ఎక్కడక్కా?"

"ఏ బావ?"

"చెన్నప్ప బావ."

నీలాంబ నిజంగానే ఆలోచించింది. పక్కవీధిలో ఎవరి పేరో అడిగితే గుర్తు చేసుకోబోయినట్టు నుదురు ముడిచింది. "అలాంటివాళ్లెవరూ తెలియదురా. నేనొక్కదాన్నేగా ఈ ఇంట్లో."

"మరి ఆ మగ్గం ఎవరిది?"

మూల ఉన్న మగ్గం మీద ఆకుపచ్చ చీర సగం నేసి ఉంది. అడ్డదారం తిప్పే నాడె దారాల మధ్యే ఆగిపోయి, దాని మీద దుమ్ము పట్టింది. నీలాంబ అటు చూసి, "ఇంటితోపాటు వచ్చుంటుంది," అంది. మెడలోని పుస్తెలతాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఆ మాట అంది.

ఎర్రమల్లు లేచి మూల ఉన్న దుప్పటి తీసి పలక మీద కప్పాడు. అంతే. నీలాంబ ముఖంలోని నవ్వు చెదిరిపోయింది. ఆమె చంటిపిల్లలా గుక్కపట్టి ఏడుస్తూ దుప్పటిని లాగింది. అడ్డుపడిన తమ్ముడి చేతిని రక్తం వచ్చేలా కొరికింది. తలను పలకకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంక చూడలేక ఎర్రమల్లే దుప్పటి తీసేశాడు. మరుక్షణం ఆమె కళ్లు తుడుచుకుని యథాస్థానంలో కూర్చుని, "జరగరా, అడ్డం," అంది ఎంతో మామూలుగా.

భద్రప్ప అతన్ని పెరట్లోకి తీసుకెళ్లి, పంటిగాటు మీద తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు.

"మనకు ముందొచ్చిన వేగులంతా ఏం చేశారు? పలకను చూశారు," అన్నాడు నెమ్మదిగా. "అందరూ చూసేవాళ్లే. చూసేవాణ్ణి చూసినవాడు లేడు. నేను పోయి మీ అక్క పక్కన కూర్చుంటాను. నువ్వు నన్ను చూడు."

"వద్దు బాబాయ్. నేను కూర్చుంటాను."

"నీకు అక్క ఉంది, ఊళ్లో తల్లి ఉంది. మరిచిపోవడానికి నాకేముందిరా? ఉన్న ఒక్కతీ పోనే పోయింది."

ఎర్రమల్లు ఇంకేదో అనేలోగా ముసలివాడు లోపలికి వెళ్లి చాప మీద చతికిలబడ్డాడు.

ఎర్రమల్లు తలుపు పక్కన నక్కి అతని ముఖాన్నే చూడసాగాడు. మొదట భద్రప్ప కళ్లలో అనుమానం ఉంది. తర్వాత కుతూహలం. ఆ తర్వాత పెదవి చివర చిన్న నవ్వు. అప్పుడు ఎర్రమల్లు ఒక సంగతి గమనించాడు. భద్రప్ప రెప్ప వేసినప్పుడే నీలాంబ కూడా రెప్ప వేస్తోంది. అతడు గబగబా గోడ ఎక్కి పక్కింట్లోకి తొంగిచూశాడు. అక్కడ తాత, కోడలు, చంటిపిల్ల కూడా అదే క్షణంలో రెప్ప వేశారు. ఎదురింట్లోనూ అంతే. వీధి వీధంతా ఒక్క మనిషిలా కళ్లు మూసి తెరుస్తోంది. తలెత్తి చూస్తే నల్లగుట్ట మీది స్తంభం కొస నుంచి పలచని నీలి అల ఒకటి నీటి మీది వలయంలా నగరమంతా పరుచుకుంటోంది. అది ఇళ్ల మీదుగా దాటిన ప్రతిసారీ రెప్పలు పడుతున్నాయి.

ఆ రెప్పపాటులో పలక మీద ఏం వస్తోంది? నేరుగా చూస్తే తానూ చిక్కిపోతాడు. ఎర్రమల్లు చుట్టూ వెతికి, నడవలో బోర్లించిన ఇత్తడి బిందెను చూశాడు. అక్క చింతపండుతో తోమితోమి అద్దంలా చేసిన బిందె. పలకకు వీపు పెట్టి, బిందెను ఒడిలో పెట్టుకుని అందులోకి చూశాడు. స్వయంవర మండపం, దండ పట్టుకున్న రాకుమారి, వంకర టింకరగా కనబడ్డాయి. నీలి అల వచ్చింది. రాకుమారి మాయమైంది. ఆమె చోట బుగ్గలు పీక్కుపోయిన ఒక వృద్ధుడి ముఖం మెరిసి, అంతలోనే పోయింది. ఆ ముఖం పెదవులు కదిలాయి. చూసేవాళ్ల రెప్పలు దాని మీదే మూసుకుని, దాన్ని లోపలే బంధించేస్తున్నాయి.

పక్కనే గుసగుస వినిపించింది. నీలాంబ పెదవులు కదులుతున్నాయి. భద్రప్ప పెదవులూ కదులుతున్నాయి. వీధి నుంచీ అదే గుసగుస, ఎండుటాకులు దొర్లినట్టు.

"గుర్తులే బరువు. దించుకోండి. ఈ వీధిలో ఇంకా ఉన్న మగవాళ్లు తెల్లవారి ఉత్తర ద్వారానికి రండి. మిగిలినవాళ్లు వాళ్లను మనసులోంచి దించుకోండి."

ఎర్రమల్లు బిందె పడేసి, భద్రప్ప చంకల కింద చేతులు వేసి పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. నూతి నీళ్లు కుమ్మరించాడు. చెంపలు వాయించాడు. ముసలివాడు కళ్లు తెరిచి హాయిగా నవ్వాడు.

"బాబాయ్, నేనెవర్ని?"

"మల్లువి. ఏం, అలా అడుగుతావ్?"

"గౌరమ్మ పిన్ని ఈ ఊరు చూస్తే ఏమనేది?"

భద్రప్ప గడ్డం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "ఏ గౌరమ్మ?" అన్నాడు.

భద్రప్ప అక్కడే అరుగు మీద ఒరిగి, గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఎర్రమల్లు అతన్ని అంత ప్రశాంతంగా నిద్రపోగా ఎన్నడూ చూడలేదు.

తెల్లవారేసరికి నేతవీధి మగవాళ్లంతా ఉతికిన పంచెలు కట్టుకుని బయల్దేరారు. భార్యలు వాళ్లకు బొట్టు పెట్టి, చద్దిమూటలు చేతికిచ్చి, వాళ్లు వీధి మలుపు తిరగకముందే లోపలికి వెళ్లి కసువు ఊడ్చుకోసాగారు. ఒక్కతీ వెనుదిరిగి చూడలేదు. భద్రప్ప కూడా ఆ వరుసలో కలిశాడు. చెయ్యి పట్టుకుని ఆపితే వదిలించుకోలేదు, ఆగనూ లేదు. ఎర్రమల్లు పెదవుల మీద అదే నవ్వు పులుముకుని అతని వెనకాలే నడిచాడు.

ఉత్తర ద్వారం దాటగానే లోయ. లోయ మీద తాళ్ల వంతెన. దాని అవతలి కొసన, నింగిస్తంభం మొదలుకు రాగిగొలుసుతో కట్టేసిన గండభేరుండం ఒకటి రెక్కలు ముడుచుకుని కూర్చుంది. దాని రెండు తలల్లో ఒకటి నిద్రపోతుంటే మరొకటి మెలకువగా ఉండి, వచ్చేపోయేవాళ్ల అలికిడి వింటోంది. మైకంలో ఉన్న మనిషిని అది పట్టించుకోదు. వంతెన మధ్యకు వచ్చిన ఎర్రమల్లు గుండె దడదడలాడుతోంది. ఆ చప్పుడు చాలు. మెలకువగా ఉన్న తల కీచుమని అరిచింది. రెండో తల కళ్లు తెరిచింది.

సుడిగాలిలా వచ్చి పడింది ఆ పక్షి. ఎర్రమల్లు వంగాడు. గోళ్లు అతని నెత్తి మీదుగా పోయి వంతెన చెక్కల్ని పీకి లోయలోకి విసిరేశాయి. మళ్లీ వచ్చింది. ఈసారి అతడు అంగీ విప్పి ఒక తల మీద విసిరి, బాకుతో రెండో తల మెడ కింద పొడిచాడు. పక్షి గిలగిలలాడుతూ వంతెన కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరిగి, తన గొలుసును తానే బండరాళ్ల మధ్య చుట్టుకుని, లోయ గోడకు తలకిందులుగా వేలాడింది.

ఊపిరి తీసుకుంటూ తలెత్తి చూస్తే, ముందు నడుస్తున్న యువకుడొకడు చెక్కలు ఊడిన సందులోకి అడుగు వేశాడు. అరవలేదు. నవ్వుతూనే లోయలోకి జారిపోయాడు. వెనకవాడూ ఆ సందు వైపే అడుగు ఎత్తాడు. వాడి వెనక భద్రప్ప ఉన్నాడు.

ఆపడానికి వ్యవధి లేదు. అరిస్తే వినరు. ఎర్రమల్లు వాళ్ల పక్కగా ఒక్క ఉరుకున ముందుకు దూకి ఆ సందులో బోర్లా పడి, ముందు చెక్కను చేతులతో, వెనక చెక్కను కాళ్లతో బిగించి పట్టుకున్నాడు. మొదటి పాదం అతని నడుము మీద పడింది. తర్వాత ఇంకొకటి. నేతవీధి మగవాళ్లంతా ఆ వీపు మీదుగా నడిచి లోయ దాటారు. భద్రప్ప పాదాలు అతనికి తెలుసు. కుడికాలు కాస్త ఈడ్చి వేస్తాడు ముసలివాడు. ఆ బరువు భుజాల మీద నుంచి వెళ్లిపోయినప్పుడు ఎర్రమల్లు కళ్ల వెంట నీళ్లు కారి లోయలోకి రాలాయి. ఒక్కడూ కిందికి చూడలేదు.

అవతల నల్లగుట్ట కడుపులో గని. పలకలు పుట్టేది అక్కడే. వందలాది మగవాళ్లు చీకటి సొరంగాల నుంచి నల్లరాళ్లు మోసుకొస్తున్నారు. ఒళ్లంతా పుళ్లు, ముఖాల నిండా నవ్వులు. ఆ వరుసలో చెన్నప్ప కనబడ్డాడు. వెంట్రుకంత సన్నని దారాన్ని ముడి తెలియకుండా కలిపే అతని వేళ్లు ఇప్పుడు చితికి, గోళ్లు ఊడి, మొద్దుబారి ఉన్నాయి.

"బావా," అన్నాడు ఎర్రమల్లు.

చెన్నప్ప ఆగాడు, నవ్వాడు, రాయిని భుజం మార్చుకుని వెళ్లిపోయాడు.

గని దాటి స్తంభం వాకిట్లోకి అడుగు పెట్టిన ఎర్రమల్లు అక్కడే కొయ్యబారిపోయాడు. వాకిలి నిండా గడ్డిపరుపుల మీద పలకలు సర్దిన ఎడ్లబండ్లు. బండ్ల మీద వరాహ ధ్వజాలు. అవి వనస్థలి ధ్వజాలు. కావలి కాస్తున్న సైనికులు వనస్థలి సైనికులు.

"మల్లన్నా, నువ్వా?" అంటూ ఒకడు దగ్గరకొచ్చాడు. ఒకప్పుడు ఎర్రమల్లు దగ్గర కత్తిసాము నేర్చుకున్న ముమ్మడి. "రావడానికి ఆలస్యమైందే. మొదటి వరుస బండ్లు రాత్రే కదిలిపోయాయి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటన్నా, మనూరికే. కరువొచ్చినప్పటి నుంచి పల్లెలు తిరగబడుతున్నాయి కదా. ఇంటింటికీ పలక ఇస్తే ఇక తిరగబడవట. రాజుగారు, ఈ మాంత్రికుడు ఎప్పుడో మాట్లాడుకున్నారు." ముమ్మడి అతని ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీకు చెప్పలేదా?"

ఎర్రమల్లు స్తంభం లోపలి మెట్ల వైపు నడిచాడు. సైనికులు తమవాడే కదా అని దారి ఇచ్చారు. చుట్టలు చుట్టలుగా పైకి పోయే ఆ మెట్లను అతడు పరుగున ఎక్కాడు.

స్తంభం నడిమి గదిలో, నేల నుంచి కప్పు దాకా ఉన్న మూలపలక ముందు, పులిచర్మం మీద కరాళకేతుడు కూర్చుని ఉన్నాడు. బిందెలో కనబడిన ముఖమే. గది గోడలకు నవరత్నాలు, నాలుగు మూలలా కర్పూర జ్వాలలు, కప్పు నుంచి వేలాడే వెండి నాగులు. వాటి నడుమ ఆ వృద్ధుడు జబ్బుమనిషిలా దగ్గుతున్నాడు.

"విజయధ్వజుడు పంపినవాడివి నువ్వే కదూ," అన్నాడు తల తిప్పకుండానే. "ఏం చెప్తావు మీ రాజుకు? బాగా పనిచేస్తోందని చెప్పు."

"నన్ను పంపింది దీని గుట్టు తెలుసుకోమని."

"అవును. తెలిసిన గుట్టును పగలగొట్టమన్నాడా?"

రాజు ఆ మాట అనలేదు. పూసగుచ్చినట్టు తెలుసుకుని రమ్మన్నాడు, అంతే.

"కొనేవాడు సరుకు నాణ్యం చూసుకోడా నాయనా," అన్నాడు కరాళకేతుడు. "ముందొచ్చిన నీ వేగులు నవ్వుతూ తిరిగొచ్చారు, చూశావా? వాళ్లే మొదటి మచ్చు. ఇక నీ నోటితో కూడా ఒక మాట చెప్పిస్తే మీ రాజుకు అనుమానం తీరుతుంది. ఇటు తిరుగు."

మాంత్రికుడు దండం ఎత్తాడు. మూలపలక భగ్గున వెలిగింది. ఎర్రమల్లు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కప్పు నుంచి వెండి నాగులు బుసకొడుతూ దిగి అతని కాళ్లకు చుట్టుకున్నాయి. కర్పూర జ్వాలలు నాలుకలు చాచి జుట్టును తాకాయి. చెవుల్లో అమ్మ గొంతు వినబడింది, "కళ్లు తెరవరా మల్లూ, నేనొచ్చాను" అని. అతడు తెరవలేదు. కాళ్లు విదిలించుకుని దగ్గు వినిపించిన వైపు దూకాడు. చేతికి ఎముకల మణికట్టు చిక్కింది. విరిచి దండం లాక్కుని, వేడి ఎటు నుంచి ముఖానికి కొడుతోందో అటు, కమ్మరి కొడుకు సమ్మెట వేసినట్టు బలమంతా కూడదీసుకుని ఒక్క దెబ్బ వేశాడు.

కొండ పగిలినంత చప్పుడైంది. నాగులు వెండి కడ్డీలై రాలిపోయాయి. కళ్లు తెరిచేసరికి మూలపలక ముక్కలై పడి ఉంది. మాంత్రికుడు విరిగిన చెయ్యి పట్టుకుని గోడకు చేరగిలబడి, నెమ్మదిగా నవ్వుతున్నాడు.

"దీని జోడు మొదటి బండిలో పోయింది," అన్నాడు. "మీ రాజు కోటలో నిలబెడతారు. ఈలోగా కిందికి వెళ్లి నువ్వు చేసిన మేలు చూసుకో."

కింద నగరం నుంచి ఒక ఏడుపు లేచింది. ముందు ఒక గొంతు. తర్వాత వీధులన్నీ. నిన్నటి దాకా దించుకున్న బరువులన్నీ ఒకేసారి మీద పడిన జనం ఏడుపు అది. ఎర్రమల్లు మెట్లు దిగి గని ముందుకు వచ్చేసరికి, చెన్నప్ప రాయి పక్కన కూలబడి తన వేళ్లను తానే గుర్తుపట్టలేనట్టు చూసుకుంటున్నాడు. భద్రప్ప వంతెన దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు.

"దాన్ని మరిచిపోయాను మల్లూ," అన్నాడు. "గౌరమ్మను మరిచిపోయాను. మరిచిపోయి సుఖంగా నిద్రపోయాను. అది పోయాక అట్లాంటి నిద్ర ఎరగను." అతని ముఖంలో కృతజ్ఞత లేదు. కోపమూ లేదు. దోచుకోబడ్డవాడి ముఖం అది.

లోయ అవతల జనం పోగయ్యారు. అందరికంటే ముందు నీలాంబ ఉంది. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుని, గొంతు పోయి ఉంది.

"నేనే పంపాను తమ్ముడూ," అంది. కేక వెయ్యలేదు. లోయ గోడలే ఆ మాటను మోసుకొచ్చాయి. "నా చేత్తో బొట్టు పెట్టి, నవ్వుతూ పంపాను. మలుపు తిరిగేదాకా కూడా చూడలేదు. ఇప్పుడవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి."

"బావ బతికే ఉన్నాడక్కా. ఇక్కడే ఉన్నాడు."

"ఏ మొహం పెట్టుకుని ఆయన ముందు నిలబడను?" ఆమె వంతెన తాడు పట్టుకుంది. "దాన్ని మళ్లీ వెలిగించు."

"అక్కా..."

"వెలిగించరా. నిన్నేమీ అనను."

ఆమె వెనక జనం అదే మాట అందుకున్నారు. పగలగొట్టిందెవరని ఒకడు అడిగాడు. వీడేనని ఇంకొకడు చూపించాడు. మొదటి రాయి లోయ దాటి వచ్చి ఎర్రమల్లు పక్కనే పడింది. రెండోది భద్రప్ప నుదుటికి తగిలింది. ఇటు స్తంభం వాకిట్లో కొమ్ము ఊదారు. వనస్థలి సైనికులు కత్తులు దూసి పరుగెత్తుకొస్తున్నారు.

"నువ్వు పో," అన్నాడు భద్రప్ప, నెత్తురు తుడుచుకుంటూ. "నేనిక్కడుంటాను. వీళ్లను కూర్చోబెట్టి ఏడవనివ్వాలి. ఆ పని నాకు తెలుసు."

అందరికంటే ముందుగా గుర్రం మీద వచ్చింది ముమ్మడి. ఎర్రమల్లు ఎదుట ఆగి, చుట్టూ చూసి, గుర్రం దిగాడు.

"నువ్వు నన్ను పొడిచి గుర్రం లాక్కున్నావని చెప్తానన్నా," అన్నాడు. "చెయ్యి మీద కాస్త గాయం చెయ్. లోతుగానే చెయ్యి, లేకపోతే నమ్మరు. మా పిల్లలు కూడా అదే పలక ముందు కూర్చోవాలి కదా."

ఎర్రమల్లు బాకుతో అతని భుజం చీరాడు. ముమ్మడి పళ్లు బిగబట్టి కింద పడ్డాడు. ఎర్రమల్లును ఎక్కించుకుని గుర్రం గుట్ట వెనక బాట పట్టి, బాణాలు చెవుల పక్కన ఈలలు వేస్తుండగా, తుమ్మల వనాలు, ఇసుక దిబ్బలు, ఎండిన వాగులు దాటుకుంటూ దక్షిణానికి దౌడు తీసింది. మిట్ట మధ్యాహ్నానికి రెండు రాజ్యాల నడుమ పారే శ్వేతానది కనబడింది. బండ్ల వరుస అప్పటికే రేవు దిగి, ఎడ్లు మెడలోతు నీళ్లలో నడుస్తున్నాయి. మొదటి బండి మీద, పట్టుగుడ్డ కప్పిన పెద్ద పలక.

గట్టు మీది విలుకాళ్లు గుర్రాన్ని చూసి బారులు తీరారు. వాళ్లలో ఎర్రమల్లుకు పేరు తెలియనివాడు లేడు. అతడు వేగం తగ్గించలేదు. గుర్రాన్ని ఒడ్డు మీద నుంచి నీళ్లలోకి దూకించాడు.

నది అవతల అతని ఊరివాళ్లు డప్పులతో, పూలదండలతో బండ్లకు ఎదురొచ్చి నిలబడి ఉన్నారు.